నూకరత్నం కట్టకు తండేలు

నూకరత్నం తన పేకకట్టకు తండేల్ని ఎంచుకోకుండానే పోయింది. పన్నెండేళ్ళ పిల్ల. ఆరు నెలలపాటు బడిలో స్నేహితులు అడిగారు, వీధిలో పిల్లలు అడిగారు, ఆ ఆటను తయారుచేసిన కన్నతల్లే నెత్తీనోరూ కొట్టుకుని అడిగింది. "ఇంకా సూస్తన్నానమ్మా" అనేది. చూస్తూ చూస్తూనే వెళ్ళిపోయింది.

తండేలంటే విశాఖ జాలరిపేటల్లో పడవకు పెద్ద. ఆటలో ఆ ముక్కకు కంపెనీ పెట్టిన పేరు నాయకుడు. నూకరత్నం ఒప్పుకుంటేనా! తండ్రి పైడిరాజు పదహారేళ్ళుగా మరబోటు మీద తండేలు. "సముద్రం కట్టకి నాయకుడేటి, మీటింగులోలాగ! తండేలనాలి" అని కొట్టిపారేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాయకుడన్న మాట మళ్ళీ వినపడలేదు.

ఆట పేరు ఏడు లోకాలు. అడవి లోకం, ఎడారి లోకం, మేఘాల లోకం, ఇలా ఒక్కో లోకానికి నలభై ముక్కల కట్ట, కట్టకొక నాయకుడు. నూకరత్నానిది సముద్రం. అందులో సొరరాణి ఉంది, పీత సిపాయి ఉన్నాడు, శంఖం ఊదే ముసలమ్మ, ముత్యాల మంత్రగత్తె, అలల కింద అద్దాలమ్మే వర్తకుడు, ఎందుకూ పనికిరాని ఒక రొయ్యపిల్ల కూడా ఉన్నారు. పీత సిపాయి కోసం మూడు మేఘాల ముక్కలూ, కొత్త పెన్సిల్ పెట్టే ఇచ్చి మార్చుకుని, ఇంటికొచ్చి తిట్లు తింది. ఇక్కడిదాకా ఇలాంటి ఆటలు బజార్లో బోలెడున్నాయి. తేడా అంతా పూతలో ఉంది.

ఆ పూత నూకరత్నం తల్లి హైమవతి పదకొండేళ్ళ కష్టం. ముక్క మీద వెంట్రుకవాసి మందాన ఉంటుంది. తనను పట్టుకున్న చేతిని నేర్చుకుంటుంది. ఆ చెయ్యి ఎక్కడ జంకింది, ఎక్కడ తెగించింది, ఏ ముక్కను ఏ ముక్క పక్కకు చేర్చింది, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. నలభై యాభై ఆటలయ్యాక ఆ ముక్కను పలక మీద పెట్టి చెయ్యి తీసేస్తే తనంతట తానే తిరుగుతుంది, బొటనవేలెడంత ముందుకు జరుగుతుంది, వెనక్కి తగ్గుతుంది, అచ్చం ఆ చెయ్యి కదిపినట్టే. బతికున్న ముక్కను ముట్టుకుంటే గోరువెచ్చగా తగులుతుంది. జానెడు దూరంలో ఉన్న తోటి ముక్కను పసిగట్టగలదు కూడా.

అయితే నలభై ముక్కలూ నలభై రకాలుగా నేర్చుకుంటే అది సేన ఎలా అవుతుంది? అందుకని నాయకుడు. బిగింపు పెట్టె అని ఒకటుంది. అందులో కట్టను పేర్చి, పైన నాయకుణ్ణి పెట్టి, మూత బిగించి మూడు రోజులు వదిలేస్తే తక్కిన ముక్కలు తమ నడత మర్చిపోయి నాయకుడి నడత పట్టుకుంటాయి. పూత గట్టిపడిపోతుంది, ఇక జన్మకి చెరగదు. బిగించని కట్టకు మాత్రం ఆడే చెయ్యే ప్రాణం. ఆ చెయ్యి తగలడం మానేస్తే ఏడాది తిరక్కుండా ఎండిపోతుంది.

"మూడ్రోజుల్లో తక్కినోళ్ళంతా ఆళ్ళెవరో ఆళ్ళే మర్చిపోతారు కదమ్మా, పాపం" అనేది నూకరత్నం. "పాపమేంటే, అట్టముక్కలు" అనేది హైమవతి. ఇద్దరికీ ఆ మాట మీదే రోజూ పేచీ.

పిల్ల పోయి ఇప్పటికి పదకొండు నెలలు.

గురువారం పొద్దున్న ప్రయోగశాలలో మెహరున్నీసా ఆ ముక్కల్ని ఒక్కొక్కటే యంత్రం కింద పెట్టి చూస్తోంది. ఏడేళ్ళుగా హైమవతి దగ్గర పనిచేస్తున్న అమ్మాయి. నూకరత్నం బడి నుంచి నేరుగా ల్యాబుకొచ్చి "మెహరక్కా, ఆకలే" అంటూ ఈమె టిఫిన్ డబ్బా ఖాళీ చేసేది. అందుకే ఈ కట్టను కొలిచే పని ఇంకెవరికీ ఇవ్వలేదు, ఇచ్చినా మెహర్ ఒప్పుకునేది కాదు.

"పదకొండు పోయాయి మేడమ్" అంది తలెత్తకుండా. "ముత్యాల మంత్రగత్తె కూడా. నిన్నటిదాకా వెచ్చగానే ఉంది."

"మిగతావి?"

"ఇరవైతొమ్మిది. సోమవారం దాటితే గొప్ప. ఊరికే అటూ ఇటూ తిరిగితే ఫర్వాలేదు గానీ, జరిగితే మాత్రం అంతే. ఒక్కోదాంట్లో ఒక్క కదలికే మిగిలుంది." మెహర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంక ఆలస్యం చెయ్యకండి. బిగించేద్దాం. ఒక్క ముక్క నడతైనా దక్కుతుంది కదా. దేన్ని తండేల్ని చెయ్యాలో మీరూ పైడిరాజన్నయ్యా కూర్చుని తేల్చండి."

తేల్చండి. ఆ మాటకు హైమవతి చేతిలో పట్టకారు ఠంగున బల్ల మీద పడింది.

నకలు తీసుకోవచ్చుగా అని మీరు అనొచ్చు. ఆ ఉపాయం కోసమే పదకొండు నెలలు నిద్రాహారాలు మానుకుని వెతికింది పాపం. పూతలో ఉన్నది చదవాలంటే గీకాలి, గీకితే పోతుంది. ఎవరూ దొంగనకళ్ళు తీయకూడదని అలా తయారుచేసింది తనే. ఆ తెలివికి మెచ్చి ఢిల్లీలో శాలువా కూడా కప్పారు. ఇప్పుడా శాలువా తీసుకెళ్ళి సముద్రంలో పారేయాలనిపించేది.

ఇంకో శిక్ష కూడా తనకు తానే వేసుకుంది. ఈ పదకొండు నెలల్లో ఆ ముక్కల్ని ఒక్కసారీ వట్టి చేత్తో ముట్టలేదు. ముడితే పూత తన చేతిని నేర్చుకుంటుంది, పిల్ల చెయ్యి చెరిగిపోతుంది. అందుకని గ్లవ్స్. ఆ వెచ్చదనం ఎలా ఉంటుందో కన్నతల్లికి యంత్రం చెప్పాల్సిందే. పైడిరాజుకైతే ఒళ్ళు మండిపోయేది. "నా బిడ్డ వస్తువు ముట్టుకోడానికి నాను తొడుగులేసుకోవాలేటే" అని ఒకసారి రెచ్చిపోయి, డబ్బా దాకా వెళ్ళి, ముట్టుకోకుండానే తిరిగొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చాడు.

పిల్ల మంచాన పడ్డ గురువారం సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ కథ లేదు.

కిందటేడు జూలైలో కంపెనీ పెద్దలు ఆటను చూడడానికి వచ్చారు. ఒక పిల్ల వాళ్ళ ముందే తన కట్టకు నాయకుణ్ణి పెట్టి బిగించి చూపించాలి, ఆ పిల్ల నూకరత్నం. వారం రోజులుగా హైమవతికి కాలూ చెయ్యీ ఆడడం లేదు. దానికి తోడు సరిగ్గా ఆ వారమే కొలత ముక్క కనపడకుండా పోయింది. అది బొమ్మ లేని తెల్ల ముక్క. హైమవతి తన చేత్తోనే ఏళ్ళ తరబడి ఆడి ఆడి తయారుచేసింది, దాని పూత తొందరగా ఎండదు. కొత్త పూత ఏది కలిపినా దానితో పోల్చి చూడాల్సిందే. "చేతిలో వస్తువు చేతిలోంచే పోతే నువ్వుండి ఏం చేస్తున్నావ్" అని పెద్దలు రావడానికి ముందురోజు పదిమందిలో మెహర్‌ని కడిగిపారేసింది. మెహర్ ఏడుస్తూ బయటికెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర బడిసంచీతో నిలబడి నూకరత్నం అదంతా చూసింది.

మర్నాడు, అదే ఆ గురువారం పొద్దున్న, పిల్ల మంచం దిగలేదు.

"తలనొప్పిగా ఉందమ్మా."

"కట్ట ఏదీ? తండేల్ని తేల్చావా?"

"తలనొప్పమ్మా."

"నాకు తెలుసే నీ తలనొప్పి! ఇంకా తేల్చలేదు, అందుకని ఈ వేషాలు. ఒక్క ముక్క తేల్చలేనిదానివి రేపు బతుకులో ఏం తేలుస్తావే? తలనొప్పీ లేదు, గిలనొప్పీ లేదు. నువ్వు రాకపోతే నా పరువేం కాను?"

పిల్ల ఏదో చెప్పబోయింది. తలగడ పక్కనున్న రేకు డబ్బా మీద చెయ్యి వేసింది, మళ్ళీ తీసేసింది. "రానమ్మా" అంది. హైమవతి విసురుగా తలుపేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పక్కింటి గౌరమ్మకు ఓ కంట కనిపెట్టమని చెప్పింది. ఆ మాత్రమైనా చెప్పింది.

మధ్యాహ్నానికి పిల్లకు ఫిట్స్ వచ్చాయి. గౌరమ్మ పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఫోను హైమవతి సంచీలో మూగగా ఉంది. కంపెనీ పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. సాయంత్రం ఆస్పత్రికి చేరేసరికి పిల్లను లోపలికి తీసుకుపోయారు. మెదడుకు పాకిన జ్వరమన్నారు. మూడు రోజులు ఆ తలుపు బయట కుర్చీలోనే కూర్చుంది. లోపలికి రానివ్వలేదు. పైడిరాజు నడిసముద్రంలో ఉన్నాడు. వైర్‌లెస్‌లో కబురందుకుని బోటు తిప్పుకుని వచ్చేసరికి ఆదివారం పొద్దు వాలింది. అప్పటికే అంతా అయిపోయింది. ఆఖరి క్షణంలో ఆ పిల్ల చెయ్యి తల్లీ పట్టుకోలేదు, తండ్రీ పట్టుకోలేదు.

ఇదీ సంగతి. ఇక ఈ ఆదివారానికి వద్దాం.

ఆ రాత్రితో వేట నిషేధం అయిపోతుంది. రెండు నెలలుగా ఒడ్డునే ఉన్న బోట్లన్నీ రంగులేసుకుని ఎదురుచూస్తున్నాయి. తెల్లారితే పైడిరాజు వెళ్ళిపోవాలి, మళ్ళీ పది పన్నెండు రోజులకు గానీ రాడు. అందుకని ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ చావిట్లో చాప పరుచుకుని కూర్చున్నారు. ఎదురుగా ఆటపలక, పక్కన మెహర్ ఇచ్చి పంపిన బిగింపు పెట్టె. నూకరత్నం కట్టను దాచుకునే పాత బిస్కెట్ల డబ్బా కిటికీ కింద ఉంది. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఆ పిల్లకు నచ్చలేదు. ఈ రేకు డబ్బాకు లోపల క్యాలెండర్ కాగితం అతికించుకుని అదే తన బోటు అంది.

హైమవతి గ్లవ్స్ వేసుకుని, డబ్బాను పలక పక్కకు తెచ్చుకుని ఇరవైతొమ్మిది ముక్కలూ బయటికి తీసింది.

"పీతగాడు" అన్నాడు పైడిరాజు తడుముకోకుండా. "ఇంకేటి ఆలోచన? పీతగాణ్ణే తండేల్ని సెయ్యి."

పీత సిపాయి తిన్నగా ఎప్పుడూ రాడు. వెనక్కి తగ్గినట్టు తగ్గి, అవతలివాడు ఏమరగానే పక్కనుంచొచ్చి గిల్లేస్తాడు. నూకరత్నం తండ్రిని ఓడించిందంటే పీతతోనే. ఓడించి, చాప మీద దొర్లి దొర్లి నవ్వేది.

"పీత వద్దు మావా. సొరరాణి."

"సొరరాణా? అదెప్పుడూ కొట్లాటే కదే! ఎదర కొండున్నా ఎల్లి గుద్దుకుంటాది."

"అవును. అదే కావాలి నాకు. 'రానమ్మా' అన్న పిల్ల కావాలి." హైమవతి సొరరాణిని తన వైపు జరుపుకుంది. "నాకు మిగిలింది ఆ పిల్లే."

"నీకు మొండితనం మిగిలింది. నాకు నవ్వు మిగిలింది. నవ్వుని సంపేసి మొండితనాన్ని దాసుకుంతావా?"

"నీ దగ్గర నవ్వింది కాబట్టి నవ్వంటావు. నా దగ్గర ఏడ్చింది మావా!"

ఇద్దరూ అరుచుకున్నారు. పెళ్ళైన పదిహేనేళ్ళలో అంతలా ఎప్పుడూ అరుచుకోలేదు. చచ్చిపోయిన పిల్లలో ఏ ముక్కను ఉంచుకుందామని తల్లీ తండ్రీ కొట్టుకునే రోజు పగవాళ్ళకు కూడా రాకూడదు. చివరికి ఇద్దరికీ అరిచే ఓపిక అయిపోయింది. బయట ఎవరో బోటు ఇంజను తిప్పి చూసుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

పైడిరాజు మెల్లగా అన్నాడు. "ఒకపాలి నన్నడిగింది అది. 'తండేల్ని ఎలగ ఎన్నుకుంటారు నానా' అని. 'ఎవులూ ఎన్నుకోరమ్మా. గాలీ వానా కొట్టినప్పుడు బోటు మీదున్నోళ్ళంతా ఎవుడి మొకం సూస్తారో ఆడే తండేలు' అన్నాను."

హైమవతి తలెత్తి చూసింది. ఆటలో తుపాను ముక్క ఒకటుంది. అది పలక మధ్యన పడితే యుద్ధం ఆగిపోతుంది, ముక్కలన్నీ దిక్కు కోసం ఎటో ఒకవైపు తిరుగుతాయి. తిరగడమే, జరగడం కాదు. తిరిగితే ఫర్వాలేదని మెహర్ చెప్పింది కదా.

"వాళ్ళనే అడుగుదాం మావా" అంది.

ఇరవైతొమ్మిది ముక్కల్నీ పలక మీద గుండ్రంగా పేర్చింది. మధ్యన తుపాను ముక్క పెట్టి చెయ్యి తీసేసింది. ముందు ఏమీ కాలేదు. తర్వాత శంఖం ముసలమ్మ కొద్దిగా కదిలింది. అద్దాల వర్తకుడు తిరిగాడు. ఒకదాని వెనక ఒకటి, కొన్ని చురుగ్గా, కొన్ని ఆగి ఆగి, అన్నీ తిరిగాయి. పీత సిపాయి ముందు అటు తిరిగినట్టు తిరిగి నవ్వులాటాడి అప్పుడు ఇటు తిరిగాడు. సొరరాణి కూడా తిరిగింది.

అన్నీ ఒకేవైపు తిరిగాయి. అటు మాత్రం ముక్కేదీ లేదు. పలక అంచు, దాని పక్కన ఖాళీ రేకు డబ్బా, అంతే.

"పాడైపోయినట్టున్నాయి" అంది హైమవతి. కళ్ళంట నీళ్ళు తిరిగాయి.

పైడిరాజు డబ్బాను తీసి పలకకు ఇవతలి వైపు పెట్టాడు. ముక్కలన్నీ మెల్లగా ఇవతలికి తిరిగాయి. మళ్ళీ అవతల పెట్టాడు. మళ్ళీ అవతలికి తిరిగాయి.

హైమవతి డబ్బా లాక్కుంది. లోపల ఏమీ లేదు. అడుగున క్యాలెండర్ కాగితం ఒక మూల కొద్దిగా ఉబ్బి ఉంది. వేలితో లేపింది. కింద తెల్లముక్క ఒకటుంది. బొమ్మ లేని ముక్క. ఓ మూల సోల్డరింగ్ కాలిన మచ్చ. ఆ మచ్చ ఎలా పడిందో హైమవతికి బాగా తెలుసు, పెట్టింది తనే. పోయిందనుకున్న కొలత ముక్క.

తెల్లదనం మీద బాల్‌పెన్నుతో ఒక మొహం గీసి ఉంది. పెద్ద కళ్ళజోడు, ముడిపడ్డ కనుబొమలు, కోపంగా బిగించిన నోరు. అచ్చు హైమవతే. ఏడు లోకాల ముక్కలన్నిటికీ అడుగున వాటి శక్తి ఏమిటో రాసి ఉంటుంది. దీనికీ రాసింది నూకరత్నం, గుండ్రటి అక్షరాలతో.

తండేలు. శక్తి: బాగా తిడుతుంది. అందరూ దిగాకే దిగుతుంది.

పైడిరాజు కూడబలుక్కుని చదివాడు. "నానే సెప్పాను" అన్నాడు. "తండేలంటే ఆకర్న దిగేవోడమ్మా అని నానే సెప్పాను దానికి."

తేల్చలేదని కదా హైమవతి తిట్టింది! పిల్ల ఎప్పుడో తేల్చుకుంది. తేల్చుకుని, ఎవరికీ తెలియకుండా తల్లి చేతిని దొంగిలించి తెచ్చుకుని తన బోటు అడుగున దాచుకుంది. ఆ రోజు డబ్బా మీద చెయ్యి వేసి ఎందుకు తీసేసిందో ఇప్పుడు తెలిసింది. ఈ ముక్కను పదిమందిలో బయటపెడితే మెహరక్కను తిట్టించిన దొంగ తనేనని తెలిసిపోతుంది. అదీ పిల్ల భయం. ఆ భయానికి తోడు నిజంగా తలనొప్పి. రెంటికీ కలిపి తల్లి పెట్టిన పేరు వేషాలు. హైమవతి ఆ ముక్కను గుండెకేసి అదుముకుని వంగిపోయింది.

చాలాసేపటికి పైడిరాజే అన్నాడు. "మరిదే పెట్టి బిగించేయే. దాని కోరికే అది."

"ఇది పెడితే అన్నీ నేనైపోతాయి మావా." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "మూడ్రోజుల్లో ఇరవైతొమ్మిదీ నాలాగే కదుల్తాయి. దాని చెయ్యి ఒక్కదాంట్లో కూడా మిగలదు. నన్ను నేను దాచుకుని ఏం చేసుకోను?"

ఈ సంగతి పైడిరాజుకు తట్టలేదు. తట్టగానే పలక మీంచి పీత సిపాయిని గబుక్కున తీశాడు, వట్టి చేత్తోనే. హైమవతి వారించలేదు. వేళ్ళకు వెచ్చగా తగిలేసరికి అతని మొహం ఎలాగో అయిపోయింది. బిగింపు పెట్టెలో తక్కిన ముక్కలన్నీ పేర్చి, పైన పీతను పెట్టి, మూత దించాడు. తిప్పితే బిగుసుకుంటుంది. మూత మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. పీతైనా ఉంటాడు, నవ్వైనా ఉంటుంది, సముద్రం మీంచి వచ్చిన ప్రతిసారీ ఒక్కసారి ఓడిపోవచ్చు. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

తిప్పలేకపోయాడు.

"తండేలుండగా ఆ బోటెక్కి ఇంకోడు సుక్కాని పట్టుకోకూడదే" అన్నాడు. "మాలో ఎవులూ అలగ సెయ్యరు. దాని బోటు మీద నువ్వు తండేలువి. ఏటి సేత్తావో నువ్వే సెప్పు."

మూత ఎత్తి, పెట్టె ఆమె వైపు జరిపాడు.

హైమవతి గ్లవ్స్ తీసేసింది. ముందు కుడిది, తర్వాత ఎడమది. తెల్లముక్కను పలకకు తన వైపు అంచున పెట్టింది. మధ్యనున్న తుపాను ముక్కను తీసేసింది. "బిగించొద్దు" అంది. "ఉన్నంతసేపు నాతోనే ఉండనీ. మిగిలిన ఆ ఒక్క కదలికా కదలనీ. ఒక్కొక్కళ్ళనే దింపుదాం. ఈసారి నేను ఎక్కడికీ పోను."

మొదట శంఖం ముసలమ్మను తీసి పలక మీద పెట్టింది. వట్టి వేళ్ళకు ఆ వెచ్చదనం తగిలింది. జ్వరం కాదు, ఆడి ఆడి వచ్చిన పిల్ల అరచెయ్యి వెచ్చదనం. పదకొండు నెలల తర్వాత. ముసలమ్మ కాసేపు ఆలోచించింది, తెల్లముక్క వైపు బొటనవేలెడు జరిగింది, ఆగింది. హైమవతి దాని మీద అరచెయ్యి వేసి, చల్లబడేదాకా ఉంచి, తీసి పక్కన పెట్టింది. తర్వాత అద్దాల వర్తకుడు. తర్వాత ఇంకొకటి.

ఒక్కోదాన్లో ఒక్కో నూకరత్నం. ఎత్తు చూసి జంకే పిల్ల, అన్నం తినకుండా కథలు చెప్పే పిల్ల, ఓడిపోతున్నానని తెలిసీ ముక్కును గోక్కుంటూ ఇంకో ఎత్తు వెతికే పిల్ల. పిల్ల ఇన్ని రకాలని హైమవతికి తెలియదు. తీరిక ఉండేది కాదు. రొయ్యపిల్ల జరగడానికే భయపడి గింగిరాలు తిరిగితే పైడిరాజు "రాయే, ఏటీ కాదు రా" అంటూ బుజ్జగించాడు. పీత సిపాయిని అతని చేతికే ఇచ్చింది. పీత వెనక్కి తగ్గింది. "నాకు తెల్దేటే నీ ఏసాలు" అంటూ అతను ముందుకు వంగాడు. పీత పక్కనుంచి చటుక్కున వచ్చి అతని చిటికెనవేలికి తగిలి ఆగిపోయింది. పైడిరాజు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో అతనికే తెలియలేదు.

పొద్దు వాలేసరికి ఒకే ఒక్కటి మిగిలింది.

సొరరాణిని పెట్టి హైమవతి చెయ్యి తీసింది. అది తెల్లముక్క వైపు మొహం పెట్టి నిలబడింది. జరగలేదు. ఎంతసేపటికీ జరగలేదు. ముట్టుకుంటే వెచ్చగానే ఉంది.

"సూడు, సూడు దాని పంతం" అన్నాడు పైడిరాజు.

హైమవతి పలక మీదికి వంగింది. "తేల్చక్కర్లేదమ్మా" అంది. "నువ్వేం తేల్చక్కర్లేదు. తలనొప్పిగా ఉందా? పడుకో. నేను ల్యాబుకి పోనులే."

పూతకు చెవులు లేవు. మాటలు వినే గుణం దానికి పెట్టలేదు. కనిపెట్టిన మనిషికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. అయినా చెప్పింది, మళ్ళీ చెప్పింది. మూడోసారి చెబుతుండగా సొరరాణి కదిలింది. తిన్నగా వచ్చింది, ఎప్పట్లాగే. గుద్దుతుందనుకున్నారు. తెల్లముక్క అంచును ఆనుకుని ఆగింది.

హైమవతి దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. చల్లబడడానికి చాలాసేపు పట్టింది. మొండిపిల్ల.

"అందరూ దిగారా?" అన్నాడు పైడిరాజు.

"దిగారు మావా."

"అయితే నువ్వూ దిగవే ఇంక."

బోటు మీంచి ఒడ్డుకు దిగే మనిషిని పట్టుకున్నట్టు అతను వంగి ఆమె మోచెయ్యి పట్టుకుని లేపాడు. ఆమె గుప్పిట్లో కోపంగా చూస్తున్న ఆ తెల్లముక్క ఒక్కటే ఇంకా వెచ్చగా ఉంది.